కింది ఇంటికి వినపడకూడదు

పోయిన వారం మనం హేమావతిని రాయదుర్గం బస్టాండులో నిలబెట్టి వచ్చాం. పక్కన ఆమె అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు లలితమ్మ. ఆ ఇద్దరూ ఒకే బస్సు కోసం ఎదురుచూస్తున్నారంటే వాళ్ల వీధిలో ఎవరూ నమ్మరు. నాలుగు రోజుల కిందటే లలితమ్మ మెట్లెక్కి వచ్చి, హేమావతి బోర్లించుకుని వాయిస్తున్న రంగుల బకెట్టును కాలితో పక్కకు నెట్టి, "ఇంగొక్క తూరి పైనుంచి దబ్బుమని సద్దు వచ్చిందంటే ఇల్లు ఖాళీ చేసెయ్" అని చెప్పి దిగిపోయింది.

చెప్పిందంటే చేసే మనిషి. కింది ఇంట్లో ఆమె భర్త బాలసుబ్రహ్మణ్యం పద్నాలుగు నెలలుగా మంచంలో ఉన్నాడు. పక్షవాతం ఆయన కుడి పక్కను లాగేసుకుని, మాటను సగానికి తెంపింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో తలుపులు మెల్లగా మూసుకుంటాయి. బిందె దించాలంటే ముందు నేల మీద గుడ్డ పరుస్తారు. వీధిలో ఆడుకునే పిల్లలు ఆ గడప దాటేదాకా బంతిని చంకలో పెట్టుకుని నడుస్తారు.

పై మిద్దెలో హేమావతి ఒక్కతే ఉంటుంది. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో ఏడేళ్లుగా పని. పోయిన ఆయుధపూజకు యూనిట్లో పాటకచేరీ పెట్టినప్పుడు, డ్రమ్ములు వాయించే ఆయన భోజనానికి లేచాడు. ఆ ఖాళీ కుర్చీలో హేమావతి పది నిమిషాలు కూర్చుంది. ఆ పది నిమిషాలు ఆమెకు ఇంకా అయిపోలేదు. యూనిట్లోనే పనిచేసే సువార్త ఆడవాళ్లతో ఒక పాటల బృందం కట్టి, "డ్రమ్ముల కాడ కుర్చీ నీ కోసం ఉగాది దాకా ఖాళీగా పెడతా, నేర్చుకో" అన్నది. నేర్చుకోవాలంటే రోజూ కొట్టాలి. కొట్టాలంటే తలమీద కప్పు ఉండాలి. ఆ కప్పు లలితమ్మది.

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు ఉన్నాయనీ, వాటి శబ్దం వాయించేవాళ్లకు తప్ప పక్కవాళ్లకు వినపడదనీ హేమావతి చెప్పింది. లలితమ్మ నమ్మలేదు.

"అమ్మేవాళ్లు అట్లనే చెప్తారు. ఆదివారం మా కూతురు హరిత వస్తాంది. వాళ్ల నాయన కాడ అది ఉంటాది. నేనూ నీ యెంబడి వస్తా. నా చెవితో ఇని, సరే అంటేనే కొను. కాదంటే ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

ఆ ఆదివారం ఇదే.

*

అనంతపురం దాకా మూడు గంటల ప్రయాణం. దారంతా లలితమ్మ రెండుసార్లే మాట్లాడింది. ఒకసారి వెనక సీట్లో ఫోన్లో పాటలు పెట్టినాయనతో: "ఏమప్పా, నీ పాట బస్సంతా ఇనాల్నా?" ఆయన గమ్మున ఆపేశాడు. రెండోసారి కళ్యాణదుర్గం దాటాక, కిటికీ వైపు చూస్తూనే హేమావతిని అడిగింది.

"నీకు ఇది ఏంటికి మే? ఆడపిల్లవు, రెక్కలు పడిపోయేట్లు పనిచేసి వస్తావు. పడుకోక."

హేమావతి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. రెండు ఊళ్లు దాటాక చెప్పింది.

"మా యూనిట్లో నలభై మిషన్లు ఒక్కసారే నడుస్తాయమ్మా. ఒకటి ముందు, ఒకటి యెనక. ఎప్పుడో మధ్యాన్నం పూట అన్నీ కలుస్తాయి. ఒక్క నిమిషం. మల్ల యాడికాడికి చెదిరిపోతాయి. ఆ నిమిషాన్ని నేనే తెప్పించగలిగితే బాగుంటాదని."

లలితమ్మ తల తిప్పి ఆమెను ఒకసారి చూసి, మళ్లీ ఎండిన శెనిక్కాయ చేన్ల వైపు తిరిగింది.

సప్తగిరి సర్కిల్ దాటి ఒక సందులో అంగడి దొరికింది. కింద స్టీలు సామాన్ల కొట్టు. పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే పైన వాద్యాల అంగడి. గోడకు గిటార్లు, బల్లల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకున్న హార్మోనియంలు, ఆ వెనక మూడు డ్రమ్ సెట్లు. అంగడి నడిపే వంశీకృష్ణకు ముప్పై అయిదేళ్లుంటాయి. మాట్లాడేటప్పుడు కూడా వేళ్లు బల్ల మీద ఏదో ఒకటి వాయిస్తూనే ఉంటాయి.

"డ్రమ్ములాక్కా? ఎవురికి, తమ్మునికా?"

"నాకే."

వంశీకృష్ణ లలితమ్మ వైపు చూశాడు.

"నా పక్క చూడొద్దప్పా" అన్నది లలితమ్మ. "నేను కొనేకి రాలే. ఇనేకి వచ్చినా."

"మీకు సంగీతం వచ్చునామ్మా?"

"సంగీతం యాడిది? సద్దు ఇనేకి వచ్చినా. కింది ఇల్లు మాది, పై మిద్దె ఈ పిల్లది. పైన కొడితే కిందికి ఇనపడకూడదు. అట్లాంటిది ఉండాదా, ల్యాదా?"

వంశీకృష్ణ నవ్వాడు. "అన్నీ అట్లాంటివేనమ్మా. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అయిపాయె."

"అయిపాయెనో ల్యాదో నేను చెప్తా" అని లలితమ్మ మెట్ల వైపు తిరిగింది. "ఈ కింద స్టీలు కొట్టులో కూర్చుంటా. నువ్వు ఈడ కొట్టు. నేను ఫోను చేస్తా, ఎత్తి పెట్టుకో."

ఆమె దిగి వెళ్లాక వంశీకృష్ణ తల గోక్కున్నాడు. "పదేళ్లాయె అంగడి పెట్టి. సౌండు బాగుండాదా అని అడిగేవాళ్లే గానీ, సౌండు ల్యాకుండా చూపించమనేవాళ్లు ఇప్పుడే వచ్చినారు."

*

మొదట పెద్ద సెట్టు చూపించాడు. వాయించే ప్రతి చోటా రబ్బరు తొడిగిన ప్యాడ్లు, కుడికాలి కింద నిజం డ్రమ్ముకున్నట్టే సుత్తి ఉన్న పెడలు, ఎడమకాలి కింద ఇంకో పెడలు. హేమావతి కూర్చోకముందే పెడలును తిరగేసి స్ప్రింగు చూసింది. బోల్టులు వేలితో తిప్పి చూసింది. స్టూలు ఎత్తు తన మోకాలికి సరిపోయేదాకా రెండుసార్లు మార్చుకుంది. యూనిట్లో కొత్త మిషను ఎక్కినప్పుడు చేసే పని అది. వంశీకృష్ణ ఓపిగ్గా నిలబడ్డాడు.

"ముందు స్పీకర్లో ఇనక్కా. ఎడమ పక్కనుండేది హై-హ్యాట్. రెండు ఇత్తడి పళ్లేలు అనుకో. కాలితో తొక్కి, పుల్లతో కొట్టు."

హేమావతి తొక్కి కొట్టింది. 'చిక్' మని తెగిపోయింది. ఇంకా గట్టిగా తొక్కింది. మళ్లీ 'చిక్'. చివరి దెబ్బ కొడుతూ, ఆపుదామని మడమ వెనక్కి నొక్కింది. అప్పుడు పళ్లేలు 'ఛ్‌ష్‌ష్‌...' మని మోగడం మొదలుపెట్టాయి. గాబరాగా మడమను ఇంకా బలంగా నొక్కింది. మోత ఆగలేదు.

వంశీకృష్ణ పడీపడీ నవ్వాడు. "ఏమక్కా, ఆపాల్సిన కాడ పరిగెత్తిస్తాండావు, పరిగెత్తాల్సిన కాడ ఆపుతాండావు!"

హేమావతి ముఖం వేడెక్కింది. తప్పెక్కడుందో ఆమెకు మాత్రం అర్థమైంది. కుట్టుమిషను పెడలు మునివేళ్లతో తొక్కితే పరిగెత్తుతుంది. మడమతో నొక్కితే ఆగి దారం తెంపుతుంది. ఏడేళ్లుగా రోజుకు వేలసార్లు ఆ కాళ్లు చేసిందదే. ఇక్కడ తొక్కితే పళ్లేలు మూసుకుంటాయి, వదిలితే విచ్చుకుంటాయి. మొత్తం తిరగబడింది.

ఆమె పుల్లలు ఒళ్లో పెట్టుకుంది. ఏమీ కొట్టకుండా ఎడమకాలిని మాత్రం తొక్కుతూ, వదులుతూ కూర్చుంది. పది, ఇరవై, నలభై. వంశీకృష్ణ ఏదో అనబోయి ఆగాడు. కాసేపటికి పుల్లలు తీసుకుని కొట్టింది. చిక్, చిక్, చిక్, ఛ్‌ష్‌ష్, చిక్.

"జల్దీగా పట్టినావే" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

హెడ్‌ఫోన్లు తగిలించి స్పీకరు ఆపాడు. హేమావతి ఒక చెవి బయట పెట్టుకుని ఫోను ఆ చెవి దగ్గర పెట్టింది. కింద లలితమ్మ గొంతు అప్పటికే ఎవరితోనో మాట్లాడుతోంది. స్టీలు కొట్టు జయరాంది, వాళ్ల పెదనాన్న కోడలి పుట్టిల్లు లలితమ్మ మేనత్త ఊరు అని తేలినట్టుంది.

"అమ్మా, కొడతాండా."

"కొట్టు."

హేమావతి కుడికాలు తొక్కింది. సుత్తి పోయి ప్యాడుకు తగిలింది. నాలుగు దెబ్బలు కొట్టిందో లేదో ఫోన్లోంచి అరుపు వచ్చింది.

"చాలు, చాలు మే! ఈ జయరాం కొట్టులో గంగాళాలన్నీ అదురుతాండాయి. ఇది వద్దు!"

వెనక నుంచి జయరాం గొంతు: "అదురుతాండేది నిజమేనమ్మా, ఏమీ పడల్యాలే."

రెండో సెట్టుకు రబ్బరు లేదు, దోమతెర లాంటి వల బిగించి ఉంది. పుల్ల తగిలితే చప్పుడు చాలా తగ్గింది. కాలి కింద మాత్రం సుత్తి ఉంది, దాని ముందు మెత్తటి దిండు. వంశీకృష్ణ కింద దళసరి చాప కూడా పరిచాడు. "అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు ఎక్కువగా దీన్నే తీస్కపోతారక్కా. దీన్ని వద్దన్నోళ్లు ఎవురూ లేరు."

హేమావతికీ నచ్చింది. చేతికి బాగుంది, కాలికి బాగుంది. చెవుల్లో శబ్దం గుండ్రంగా, నిండుగా ఉంది. ఇది సరేననిపించుకుంటే చాలు అనుకుంది. నిదానంగా వాయించడం మొదలుపెట్టింది. నిమిషం గడిచింది. ఫోన్లో ఏమీ లేదు. వంశీకృష్ణ బొటనవేలు ఎత్తి చూపించాడు. ఇంకో నిమిషం.

"అమ్మా? ఇనపడతాందా?"

జవాబు లేదు.

"అమ్మా?"

ఫోను తెరిచే ఉంది. దూరంగా జయరాం గొంతు మాత్రం వినిపించింది. "ఏమ్మా? ఏమైందమ్మా? అట్ల పోతాండారేంది?"

హేమావతి హెడ్‌ఫోన్లు లాగేసి మెట్లు దిగింది.

*

స్టీలు కొట్టు వెనక గదిలో, పేర్చిన బోగుణి గిన్నెల నడుమ, లలితమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఊపిరి ఎగబోస్తోంది. కొంగు జారింది, సర్దుకోలేదు. ఆమె కూర్చున్న స్టూలు ముందు గదిలో పక్కకు పడి ఉంది.

"కూర్చోని కాఫీ తాగుతాండె" అన్నాడు జయరాం అయోమయంగా. "ఉన్నట్టుండి లేచి లోపలికి పరిగెత్తె. ఏమంటే చెప్పదు."

"రవ్వన్ని నీళ్లు తెస్తావా అన్నా" అన్నది హేమావతి. జయరాం వెళ్లాక ఆమె లలితమ్మ పక్కనే, తాకకుండా నిలబడింది. ఎదురుచూడడం ఆమెకు వచ్చిన విద్య.

లలితమ్మ గది మూలకు చూస్తోంది. అక్కడ ఏమీ లేదు, బోర్లించిన బకెట్లు తప్ప.

"మెత్తగా ఇనపడె" అన్నది చివరికి. "ఇంతకు ముందుది గట్టిగా దబదబమనె, అది కొట్టే సద్దని తెలిసిపాయె. ఇది మెత్తగా, లోపల యాడో, దమ్మని... ఒక్కటే. మనిషి పడినట్ల."

"అమ్మా..."

"ఆ పొద్దు కూడా అట్లనే ఇనపడె."

జయరాం నీళ్లు తెచ్చాడు. లలితమ్మ తాగలేదు. గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుంది. ఆయన మెల్లగా ముందు గదిలోకి వెళ్లిపోయాడు.

"పదకొండు గంటలప్పుడు. నేను వంటింట్లో ఉంటి. పప్పుకు తిరగబాత పెడతాంటి. దమ్మని ఇనపడె. నేనేమనుకుంటి? పైన ఈ పిల్ల మల్ల బట్టలు బాదుతాందిరా దేవుడా, అనుకుంటి. తలకాయ పైకెత్తి, 'ఏమే, నిదానంగా బాదలేవా, మిద్దె కూలుస్తావా' అని అరిసినా. అరిసి, నా పని చేసుకుంటి. పప్పు దించితి. అన్నం వార్చితి. ఆకు కడిగి పెట్టి, అన్నానికి పిలుద్దామని చూస్తే..." లలితమ్మ గ్లాసును గుండెకు ఆనించుకుంది. "నీళ్లు పోసుకునే బచ్చలింట్లో పడి ఉండె. అర్ధగంట. కండ్లు తెరుసుకోనే ఉండె. నేను పైకి చూసి తిట్టినా మే. పక్కకు చూడలే."

హేమావతి ఒక అడుగు దగ్గరికి జరిగింది. తరువాత మెల్లగా అన్నది:

"ఆ పొద్దు నేను ఇంట్లోనే లేనమ్మా. మా అమ్మకు జరమని శింగనమల పోయింటి."

"తెలుసు. సాయంత్రం ఆసుపత్రి నుంచి గుడ్డలకని ఇంటికొస్తే, పైన తాళం ఏసి ఉండాది. ఉత్త ఇంటిని తిట్టినా." లలితమ్మ మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. "నీ మీద కోపం కాదు. పైనుంచి వచ్చే సద్దు నువ్వు కొట్టేదేనని నాకు తెలుసు. తెలిసినా కాళ్లు ఆగవు. ఈ రెండు నెలల్లో నువ్వు కొట్టిన ప్రతి తూరీ నేను ఆయన మంచం కాడికి పరిగెత్తినా. ఈ పొద్దు చూడు, ఊరుగాని ఊర్లో, ఎవురిదో కొట్టులో కూడా పరిగెత్తినా. నాకు సద్దు భయం కాదు. ఏది సద్దో, ఏది ఆయన పడిందో తేడా తెలీకపోతే? అదే భయం. హరితకు కూడా చెప్పలే ఇది."

బకెట్టును కాలితో నెట్టిన ఆ సాయంత్రం హేమావతి కళ్ల ముందుకు వచ్చింది. అప్పుడు లలితమ్మ ముఖంలో చూసింది కోపమనే అనుకుంది ఇన్నాళ్లూ. ఎవరినైనా కాసేపు గమనిస్తే అర్థమైపోతారని ఆమె నమ్మకం. ఈమెను ఏడాదిన్నరగా రోజూ చూస్తూ తప్పు చదివింది.

"పోదాం పదండమ్మా" అన్నది. "ఊరికి. డ్రమ్ములు వద్దులే."

లలితమ్మ గ్లాసెత్తి గటగటా తాగింది. కొంగు సర్దుకుంది.

"మూడోది ఉండాది కదా?"

"ఉండాది గానీ..."

"మూడు గంటలు బస్సులో కూర్చోని వచ్చినా. మూడోది ఇనకుండా పోతే నా నడుము ఊరుకోదు. పో. కొట్టు."

*

మూడో సెట్టు మూలలో ఉంది. చిన్నది. వంశీకృష్ణ దాన్ని చూపించాలని కూడా అనుకోలేదు.

"అది స్కూలు పిల్లోళ్లదక్కా. వల మంచిదే ఏసినారు గానీ, కాలి కింద సుత్తే లేదు చూడు. ఒట్టి పలక. తొక్కితే లోపల స్విచ్చి నొక్కుకుంటాది, అంతే. నిజం చెప్తాండా, అమ్మేకి చెప్పే మాట కాదు. దీని మీద నేర్చుకుంటే రేపు స్టేజీ మీద నిజం డ్రమ్ము కాడ కూర్చున్నప్పుడు కాలు మల్ల మొదటి నుంచి నేర్చుకోవాల. సుత్తి బరువు తెలీదు దీనికి."

"సుత్తి లేదు కదా? దేనికీ తగలదు కదా?"

"తగలదు."

హేమావతి కూర్చుంది. ఆ పలక మీద కుడికాలు పెట్టగానే ఆమె పాదం తనంతట తానే కుదురుకుంది. బరువు లేదు, ఎదురు తన్నడం లేదు. మునివేళ్లతో రవ్వంత నొక్కితే చాలు, చెవిలో డ్రమ్ము మోగుతోంది. అచ్చం తన కుట్టుమిషను పెడలు. ఎంత నొక్కితే ఎంత పరిగెత్తుతుందో కళ్లు మూసుకుని చెప్పగల కాలు ఆమెది. వంశీకృష్ణ లోపమని చెప్పింది ఆ కాలికి ఏడేళ్ల అలవాటు.

స్టేజీ సంగతి నిజమే. సుత్తి బరువు అప్పుడు నేర్చుకోవాలి. కానీ ముందు ఇంట్లో కూర్చోగలిగితేనే కదా స్టేజీ! ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుని వాయించడం మొదలుపెట్టింది. మొదట కాలు ఒక్కటే. తరువాత ఎడమచేయి. తరువాత పళ్లేలు. తడబడింది. ఆగి మళ్లీ అందుకుంది. కాసేపటికి కాళ్లూ చేతులూ నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి, యూనిట్లో ఆ మధ్యాహ్నపు నిమిషంలా. ఫోను సంగతి మరిచిపోయింది.

వంశీకృష్ణ ఆమె భుజం తట్టి ఫోను చూపించాడు. ఎంతసేపటి నుంచి మాట్లాడుతోందో, లలితమ్మ గొంతు విసుగ్గా ఉంది.

"ఏమ్మే! ఇంగా ఎంతసేపు కూర్చోవాల? ఈ జయరాం రెండో కాఫీ కూడా తెప్పించె. ఎప్పుడు మొదలుపెడతావు?"

హేమావతి చేతులు ఆగాయి.

"మొదలుపెట్టి చానాసేపాయెనమ్మా."

అవతల కాఫీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ఏమన్నావు?"

"ఇప్పటి దాకా కొడుతూనే ఉంటి. కాలితో గూడా."

"అబద్ధం."

"లేదమ్మా, నేను చూస్తానే ఉండా!" వంశీకృష్ణ ఫోనులోకి అరిచాడు. "బాగా కొడతాంది!"

"మల్ల కొట్టు. కాలు గట్టిగా తొక్కు. ఆగొద్దు."

హేమావతి తొక్కింది. ఫోన్లో లలితమ్మ ఎవరికో పురమాయిస్తోంది. "జయరాం, నాయనా, ఆ యెనక గదిలో పెద్ద బోగుణి ఉండాది కదా, దాన్ని కింద పడేయి. ఆఁ, పడేయప్పా, సొట్ట పడితే నేనే కొనుక్కుంటాలే. నేను ఈ ముందర వాకిట్లో నిలబడతా. చెప్పొద్దు ఎప్పుడు పడేసేది."

హేమావతి కొడుతూనే ఉంది. హెడ్‌ఫోన్ లేని చెవిలో తన పుల్లల చప్పుడు వానచినుకుల్లా వినిపిస్తోంది, అంతే. కింద ఏదో దభీమని పడింది. నేల అదిరింది.

"ఇనపడె!" లలితమ్మ గొంతు చీరుకుపోయింది. "ఇనపడె మే, ఇనపడె! ఆయన పడితే ఇనపడతాది! నువ్వు కొడుతూనే ఉండావా?"

"కొడుతూనే ఉండానమ్మా!"

"సరే అయితే." అటునుంచి ఒక పెద్ద ఊపిరి వచ్చింది. అది నవ్వో ఏడుపో ఫోన్లో తెలియలేదు. "సరే. అది కట్టించు. బిన్నా, జల్దీగా కానీ, నాకు ఆకలైతాంది."

హేమావతి పుల్లలు కింద పెట్టింది. ఎన్ని వారాల నుంచి మోస్తోందో ఆ బరువు, భుజాల మీది నుంచి జారి ఎటో పోయింది. వంశీకృష్ణ పెట్టె కడుతూ, "పెడలు స్విచ్చి చెడిపోతే తీసుకురా అక్కా, మారుస్తా" అన్నాడు. "ముందు అది యెట్ల విప్పాలో చూపించప్పా. నేనే మారుస్తా" అన్నదామె. అతను ఒక స్క్రూడ్రైవరు తీసి చూపించాడు. ఆమె రెండుసార్లు విప్పి బిగించింది.

జయరాం బోగుణికి సొట్ట పడింది. లలితమ్మ దాన్ని కొనాల్సిందేనని పట్టుబట్టింది. ఆ బోగుణిలోనే హెడ్‌ఫోన్లు, వైర్లు, పుల్లలు పెట్టుకుని ఒడిలో కూర్చోబెట్టుకుంది. బస్సులో కండక్టరు పెద్ద పెట్టెను చూసి, "ఆడోళ్లకు ఫ్రీ గానీ డబ్బాకు టికెట్టు తీసుకోవాలమ్మా" అన్నాడు. "కొట్టప్పా టికెట్టు, అది మాట్లాడని డబ్బా, నీకేం ఇబ్బంది పెట్టదు" అన్నది లలితమ్మ. బస్సులో నాలుగు వరుసలు నవ్వాయి. కళ్యాణదుర్గం దాటకముందే ఆమె తల హేమావతి భుజం మీదికి వాలింది. పద్నాలుగు నెలల తరువాత పట్టిన పగటి నిద్ర అది. హేమావతి భుజం కదిలించకుండా రాయదుర్గం దాకా కూర్చుంది.

*

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ గోడల మీదే ఉంది. హరిత తలుపు తీసి పెట్టెను వసారాలోకి పట్టింది. లోపల బాలసుబ్రహ్మణ్యం దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

లలితమ్మ చెప్పులు విడిచి నేరుగా మంచం దగ్గరికి వెళ్లింది. ఆమె గొంతు ఆ ఇంట్లో అంత పెద్దగా వినిపించి ఏడాది దాటింది.

"ఇంగ నీకేమీ బాధ లేదు! పైన ఈ పిల్ల రోజంతా వాయించుకోనీ, నీకు రవ్వంత గూడా ఇనపడదు. నేనే పరీక్ష చేసి తెచ్చినా!"

ఆయన భార్యను చూశాడు. బోగుణి పట్టుకుని గడప దగ్గర నిలబడ్డ హేమావతిని చూశాడు.

"ఇన... పడదా?"

"పడదు!"

ఆయన ఎడమచేయి దుప్పటిని పిడికిట్లోకి లాక్కుంది. "ఏం... టికి?"

లలితమ్మ నవ్వు అట్లాగే ఆగిపోయింది. హరిత అమ్మ వెనకే వచ్చి నిలబడింది.

"నేను చెప్దామనే ఉండానమ్మా. పొద్దున్నుంచీ నాయన పైకే చూస్తాండాడు. నాలుగు రోజులాయె ఆ పిల్ల వాయించక, ఊరికి పోయిందా అని రెండు తూర్లు అడిగినాడు. దినమంతా నాయన ఆ సద్దు కోసమే కాసుకోని ఉంటాడంట."

"నువ్వు నాకు ఒక్కనాడూ చెప్పలే!" అన్నది లలితమ్మ, భర్తతో.

"నువ్వు... అడగ... లే."

హేమావతికి తన చేతిలోని బోగుణి బరువెక్కింది. ఆమెను కింద ఎవరో వింటున్నారు. రెండు నెలలుగా, రోజూ. ఆమెకు తెలియనే తెలియదు.

బాలసుబ్రహ్మణ్యం ఎడమచేయి దుప్పటిని వదిలి, వాకిలి వైపు చూపించింది. వాకిలి బయట మిద్దె మెట్లు. పదిహేడు మెట్లు. ఒక పక్క గోడ, ఇంకో పక్క పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. పద్నాలుగు నెలలుగా ఆయన ఆ వాకిలి దాటలేదు.

"పైకి" అన్నాడు. ఈ మాట విరగలేదు. "పైకి తీస్కపోండి. నేను... ఇనాల."

లలితమ్మ ఆయన భుజం పట్టుకోబోయింది. ఆయన ఎడమకాలు అప్పటికే మంచం దిగి నేలను వెతుక్కుంటోంది.